పాటగాడి గొంతులో స్ప్రింగు

మూడో అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం దగ్గర ఆ సాయంత్రం ఉన్నవాళ్ళు ముగ్గురు: రోగి, ఆయన భార్య, నేను. ఉన్న వస్తువులు: మంచం తలవైపు ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు దిండ్లు, నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు, స్కాన్ ఫిల్ములున్న పెద్ద కవరు, ఒక తువ్వాలు, కాణిపాకంలో కొట్టి తెచ్చుకున్న రెండు కొబ్బరిచిప్పలు, నా చేతిలో ముప్పై రెండు ప్రశ్నల ఫారం. రోగి మెడకు కుడివైపు ఒక గడ్డ కూడా ఉంది. నేను చివర చెప్పాను గానీ, మంచం దగ్గరికి వచ్చిన ఎవరికైనా ముందు కనబడేది అదే. పిందె దాటి కాయ అవుతున్న మామిడంత ఉంటుంది.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మత్తు విభాగం టెక్నీషియన్ని. మత్తిచ్చే డాక్టరుకు కావలసిన మిషను, మందుల ట్రే, గొట్టాలు సిద్ధం చేయడం, ఆమె చెయ్యి చాపినప్పుడు సరైన వస్తువును సరైన వైపు నుంచి అందించడం నా పని. మా మత్తు డాక్టరు మేడమ్‌కు ఒక పద్ధతి ఉంది. రేపు ఎవరి గొంతులోకి గొట్టం అందిస్తానో ఆ మనిషిని నేను ఇవాళే చూసి, మాట్లాడి, ఫారం నింపి తేవాలి. నా స్నేహితులు పనిచేసే ఆసుపత్రుల్లో ఈ పని టెక్నీషియన్లకు లేదు. నాకు మాత్రం ఇష్టమే. ఫారాలంటే ఇష్టం, అందులో ఖాళీలు మిగలకపోతే ఇంకా ఇష్టం.

ఊగే పళ్ళున్నాయా, కట్టుడు పళ్ళున్నాయా, గురక వస్తుందా, బీడీ సిగరెట్ల అలవాటుందా అని వరుసగా అడిగాను. రోగికి యాభై దాటి ఉంటాయి. మనిషి పొడుగ్గా, గట్టిగా ఉన్నాడు. ప్రతి ప్రశ్నకూ ఆయన నోరు తెరిచేలోపు భార్య జవాబు చెప్పేసింది.

"గురకా? కొండెక్కే బస్సు మాదిరి నాయనా. ఈ మధ్య అదీ లేదు. పండుకుంటే ఊపిరాడదంట, మూడు దిండ్లేసుకుని కూర్చోనే నిద్రపోతా ఉండాడు."

"నన్ను ఒక్కటన్నా సెప్పనీమ్మేయ్," అన్నాడు ఆయన.

"సెప్పు. నోరుండాది కదా."

ఏడో ప్రశ్న వృత్తి. "ఏం పని చేస్తారన్నా?" అని అడిగాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈలోపు ఆమె చెప్పేసింది.

"పాట పాడతాడు నాయనా. ముప్పై ఏండ్లుగా అదే పని. సీజన్లో పొద్దున మొదులుపెడితే మద్దేనం దాకా నోరు మూయడు."

నేను పుట్టి పెరిగింది తిరుపతి బస్టాండు వెనక వీధిలో. మా వీధిలో పాట పాడతాడంటే ఒకటే అర్థం. భజన బృందం ఒకటి, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా ఒకటి, ఉత్సవాలకు పాడేవాళ్ళు ఇద్దరు మా వీధిలోనే ఉన్నారు. సీజనంటే పెళ్ళిళ్ళదో, ఉత్సవాలదో అనుకున్నాను. ఫారంలో వృత్తికి ఉన్నది ఒకే గీత. దాని మీద 'గాయకుడు' అని గుండ్రంగా రాశాను.

ముప్పై రెండో ప్రశ్న, మీరు ఏమైనా అడగాలా అని. అది మాత్రం ఆయన భార్యకంటే ముందు అందుకున్నాడు.

"ఒకటే అప్పా. నా గొంతు పోదు కదా?"

ఆమె క్యారియరు పక్కన పెట్టి నా వైపు చూసింది.

ఆ ప్రశ్నకు జవాబు నా ఫారంలో లేదు. ఆయనది థైరాయిడ్ గడ్డ. మాట పలికించే నరం సరిగ్గా దాని వెనకనుంచి పోతుంది. గడ్డ తీసేటప్పుడు నరానికి దెబ్బ తగిలితే గొంతు గాలిగా మారొచ్చు, కొందరికి తిరిగి రాకపోవచ్చు. పోనీ ఆపరేషను మానుకుందామా అంటే, గడ్డ అప్పటికే గాలిగొట్టాన్ని ఎడమకు నెట్టి నొక్కేస్తోంది. కవర్లోని స్కాన్‌లో అది స్పష్టంగా ఉంది. ఇవన్నీ సర్జన్ ఆయనకు చెప్పే ఉన్నాడు. ఆయనకు నా దగ్గర కావాల్సింది ధైర్యం. నా దగ్గర ఉన్నది పరికరాల వివరం. ఉన్నదే ఇచ్చాను.

"రేపు మీకు మామూలు ట్యూబు కాదన్నా, స్ప్రింగు ట్యూబు వేస్తాం. గొంతులో స్ప్రింగుంటే మీకు భయమే లేదు. మెడ ఎంత వంచినా, పైనుంచి ఎంత నొక్కినా అది నలగదు," అన్నాను.

ఆయన మొహంలో రంగు మారింది. అది ధైర్యం అనుకుని, ముప్పై రెండు టిక్కులు సరిచూసుకుని కిందికి వచ్చాను.

మేడమ్ ఫారం చదువుతూ ఏడో గీత దగ్గర ఆగారు.

"గాయకుడా? సంప్రదాయమా, సినిమా పాటలా?"

"అది ఫారంలో లేదు మేడమ్."

"ముప్పై రెండు ప్రశ్నలు రాసుకుని అసలుది వదిలేశావన్నమాట." మేడమ్‌ది గోదావరి వైపు. చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నారని, ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి వల్ల మానేశారని మా అందరికీ తెలుసు. "సరే. స్వరతంతువుల పరీక్ష రిపోర్టు బాగానే ఉంది. ట్యూబు ఏడున్నరకు బదులు అర సైజు తగ్గిద్దాం. లోపల రాపిడి తగ్గుతుంది. ఏడు పెట్టు. ట్యూబు కొన దగ్గరుండే గాలిబుడగ ఒత్తిడి మీటరుతో చూడు, చేత్తో నొక్కి అందాజుగా వద్దు."

అంతటితో ఆగకుండా థియేటర్ సిస్టర్‌కు ఫోన్ చేసి, రేపటి రోగి సంగీత విద్వాంసుడని చెప్పారు. గాయకుడు విద్వాంసుడు కావడానికి అర నిమిషం పట్టింది.

పది నిమిషాలకు వార్డు నుంచి నాకు ఫోన్. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉందని, క్యారియరు కూడా లేదని చెప్పారు.

ఆయన ఆసుపత్రి గేటు ఎదురుగా టీ అంగట్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచి. ఆమె నిలబడి ఉంది. నన్ను చూడగానే చెయ్యి చాపి చూపించింది.

"ఇదో, వొచ్చినాడు సూడు స్ప్రింగబ్బాయి. ఆయప్పనే అడుగు. నాతో కొట్లాడితే ఏమొస్తాది?"

"ఏమైందన్నా?"

"నేను పోతా ఉండానప్పా. పాకాల బస్సు యాడ నిలుస్తాదో సెప్పు, అంతే సాలు."

"రేపు ఆపరేషను కదా!"

"గడ్డ తీస్తామని సెప్పినారు, సరే అన్న్యా. స్ప్రింగేస్తామని ఎవురు సెప్పినారు? మా మండీ ఓనరుకు గుండెలో స్ప్రింగేసినారు. ఆ పొద్దు నుంచి ఆయప్ప గట్టిగా తుమ్మేదానికే భయపడతాడు. రేపు నేను గొంతులో స్ప్రింగు పెట్టుకుని పాటెట్ల పాడేది? ఒకటోసారి అంటే లోపల టింగుమనదా?"

అప్పుడు అర్థమైంది. మా దగ్గర గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటును జనం స్ప్రింగు అంటారు. ఒకసారి పెడితే జీవితాంతం లోపలే ఉంటుంది. మేము థియేటర్లో తీగ చుట్టలున్న ట్యూబును స్ప్రింగు ట్యూబు అంటాం. ఆపరేషను కాగానే తీసేస్తాం. ఒకే మాట. నేను దాన్ని వార్డులోకి మోసుకెళ్ళి, పైగా ధైర్యం చెప్పే గొంతుతో చెప్పాను.

రెండో విషయం కూడా అప్పుడే చెవిలో పడింది. మండీ. ఒకటోసారి.

"అన్నా, మీరు పాడేది..."

"మామిడికాయల వేలం పాట. ఇంకేం పాట? బేనీషా, ఖాదరు, బెంగుళూర, నీలం, ఏది వొచ్చినా మన పాటే. పాకాల పక్కన మండీలో ముప్పై ఏండ్లు. ఇంకా ఐదు వారాలకు సీజను. నా గొంతు వినబడితేనే వ్యాపారస్తులు ఈ కొనా ఆ కొనా నుంచి వొస్తారు. గొంతు పోతే ఓనరు ఇంకోణ్ణి నిలబెడతాడు. తూకం కాడ కూర్చోమంటాడు నన్ను. ఆ మాట వినేదానికి నేను బతకల్నా?"

"గమ్మునుండు," అంది ఆమె. "ఊపిరాడక పోతే ఏ పాట పాడతావు?"

ముందు ఆయన్ని మంచం దగ్గరికి చేర్చాలి. కళ్ళతో చూస్తే నమ్ముతారా అని అడిగాను. చూడకుండా సరుకు పాటకు పెట్టనని ఆయన అన్నాడు. ఇద్దరినీ లిఫ్టులో పైకి పంపి, నేను శిక్షణ పెట్టెలోంచి గడువు దాటిన రెండు ట్యూబులు తీసుకెళ్ళాను. ఒకటి మామూలు ప్లాస్టిక్కుది, రెండోది స్ప్రింగుది. మధ్యలో ఫారం గుర్తొచ్చింది. ఏడో గీత మీద తప్పు ఉంది, దిద్దాలి. కానీ ఆ తప్పు వల్ల మేడమ్ చిన్న ట్యూబు ఎంచుకున్నారు, ఒత్తిడి మీటరు పెట్టమన్నారు. దిద్దితే ఆ జాగ్రత్త తగ్గుతుందేమో. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం సిగ్గు. దిద్దలేదు.

వార్డులో ఒక గ్లాసు నిండా నీళ్ళు పోయించాను. మామూలు ట్యూబు కొన నీళ్ళలో పెట్టి, ఇంకో కొననుంచి ఊదమన్నాను. ఆయన ఊదాడు, బుడగలు వచ్చాయి. ఊదుతుండగానే నేను ట్యూబును మధ్యలో మడిచాను. బుడగలు ఆగిపోయాయి, ఆయన బుగ్గలు ఉబ్బాయి.

"ఇప్పుడు ఇది," అని స్ప్రింగుది ఇచ్చాను. పారదర్శకంగా, లోపల సన్నటి ఉక్కు తీగ చుట్టలు చుట్టలుగా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని మడిచాను, మెలిపెట్టాను, దాదాపు ముడి వేశాను. బుడగలు ఆగలేదు.

"రేపు మీ మెడ బాగా వెనక్కి వంచుతారు. సర్జన్ చెయ్యి సరిగ్గా గాలిగొట్టం మీదే ఉంటుంది. మీ మొహం గుడ్డ కింద ఉంటుంది కాబట్టి మధ్యలో ట్యూబు మడత పడితే మాకు కనబడదు. అందుకని ఇది. వెన్నెముక ఆపరేషన్లకు మనిషిని బోర్లా పడుకోబెట్టినప్పుడు, తలకు, దవడకు ఆపరేషను చేసేటప్పుడు కూడా ఇదే వేస్తాం. పని కాగానే మొత్తం బయటికి లాగేస్తాం. లోపల ఏమీ మిగలదు."

ఆయన ట్యూబును తీసుకుని మొదట వాసన చూశాడు. తర్వాత తొడిమ దగ్గర కాయను చూసినట్టు బొటనవేలితో నొక్కాడు. వెలుతురుకు ఎదురుగా పట్టి తిప్పాడు.

"రెండూ ఒకే తోటవా?"

"కంపెనీలు వేరన్నా."

"దీన్లో లోపమేమి?"

"ఉన్నాయి. మెత్తగా తాడులా ఉంటుంది కాబట్టి లోపల కడ్డీ పెట్టి వేయాలి. మామూలుదాన్ని పొడుగైతే కత్తిరించుకోవచ్చు, దీన్ని కత్తిరించకూడదు. ఇంకా..."

"అడిగితే అన్ని లోపాలు సెప్తావుండావే! మా మండీలో నీకు ఒక్క పూట పని దొరకదు."

"ఇంకొకటి అన్నింటికన్నా ముఖ్యం. పళ్ళతో గట్టిగా కొరికితే..."

నా మాట పూర్తయ్యేలోపు ఆయన ట్యూబును పక్కపళ్ళ మధ్య పెట్టి కొరికాడు. టక్కుమని చిన్న శబ్దం. తీసి చూస్తే ఆ చోట తీగ చదునుగా అణిగిపోయింది. ఊదాడు. బుడగ రాలేదు. ఇంకోసారి ఊదాడు. మామూలు ట్యూబైతే పళ్ళు వదలగానే మళ్ళీ లేస్తుంది. దీని తీగ ఒకసారి అణిగితే అణిగినట్టే ఉండిపోతుంది.

"నీ స్ప్రింగు సచ్చిపోయిందప్పా," అన్నాడు, నిజంగా బాధగా.

"యాభై ఏండ్లు మామిడి టెంకలు చీకిన పండ్లు," అంది ఆమె. "నీది కంపెనీ సరుకైతే మాత్రం తట్టుకుంటాదా?"

"అందుకే పళ్ళ మధ్య మెత్తటి గుడ్డ చుట్టి పెడతాం. కొరికినా ట్యూబు దాకా పోదు."

"నోట్లో గుడ్డ కుక్కుతారా!"

"నాయనా, ఆ గుడ్డ ఎంత సైజో సెప్పు, ఇంటికి రెండు పట్టుకపోతా," అంది ఆమె.

ఆయన నవ్వాడు. అప్పటిదాకా ఆయన నవ్వగా నేను చూడలేదు. నవ్వితే ఊపిరి ఈలగా వచ్చింది, దిండ్లకు ఆనుకోవాల్సి వచ్చింది. ఆ ఈల విన్నాక ముగ్గురమూ నవ్వడం ఆపాం.

"సరే అబ్బా. సంతకం పెడతా. ఒక షరతు. మత్తు దిగినాక ఆ ట్యూబు నా కంటికి సూపించాల. ఈ కొననుంచి ఆ కొన దాకా. సగం లోపల పెట్టి సగం సూపించేది కాదు."

ఫారంలో అందుకు చోటు లేదు. ముప్పై మూడు అని అంకె వేసి, 'తీసిన ట్యూబు రోగికి పూర్తిగా చూపించాలి' అని రాసి, టిక్కు పెట్టే గడి గీశాను. ఆయన కింద సంతకం పెట్టాడు. శిక్షణ పెట్టె రిజిస్టరులో చెడిపోయిన ట్యూబుకు కారణం 'పంటి గాట్లు' అని రాయవలసి వచ్చింది.

మర్నాడు ఉదయం ఎనిమిదికి రెండో నంబరు థియేటర్లో ఆయన్ని బల్ల మీద, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాం. సిస్టర్ ఆయనకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. నర్సుల నుంచి ఆ మర్యాద అలవాటు లేని ఆయన కంగారుపడి తనూ పెట్టబోయాడు. చేతికి సెలైన్ గొట్టం అడ్డమొచ్చింది.

"అయ్యా," అన్నారు మేడమ్, "మత్తిచ్చే ముందు మీ గొంతు ఒకసారి వినాలని ఉంది. ఒక్క పాట పాడండి, మీకు శ్రమ లేకపోతేనే."

ఆయన నా వైపు చూశాడు. నేను సక్షన్ గొట్టాన్ని చాలా శ్రద్ధగా పరీక్షించాను.

"ఇప్పుడామ్మా? ఊరికే ఎట్ల పాడేది? ముందర ఏదన్నా ఉండాల కదా."

"శ్రుతిపెట్టె కావాలా?"

"పెట్టైనా సరే, గంపైనా సరే. పెట్టైతే ఎన్ని కేజీలు?"

మేడమ్ ఆయన వైపు వంగారు. మాస్కు పైన కనిపించే కళ్ళు చిన్నవయ్యాయి. ఆయన థియేటర్ నాలుగు వైపులా చూసి, పాటకు పెట్టదగ్గ వస్తువేదీ దొరకక, వేలు నా మీద పెట్టాడు.

"సరే, ఇదో ఈ టెక్నీషియను! ఒక్కటే శాల్తీ! తిరపతి తోట సరుకు! మచ్చ లేదు, దెబ్బ లేదు, ఇంకా మాగలేదు! పెండ్లి కాలేదు! అడిగినా అడక్కపోయినా లోపాలు సెప్తాది! రండమ్మా రండి, ఎవురు ముందు? సిస్టరమ్మా, సూస్తా ఉండావే, పాడు!"

పడుకున్న మనిషి, మెడలో గడ్డ, సగం ఊపిరి. అయినా ఆ గొంతు టైల్సుకు కొట్టుకుని తలుపు అవతల చేతులు కడుక్కుంటున్న సర్జన్‌ను లోపలికి తొంగిచూసేలా చేసింది.

"మాకొద్దు సామీ," అంది సిస్టర్. ఆమెది చిత్తూరు, మాటకు మాట బాకీ ఉంచదు. "నేను గాజుగుడ్డలు లెక్కపెడితే మళ్ళా ఆయప్ప లెక్కపెడతాడు. ఇంట్లో ఇడ్లీలు గూడా లెక్కపెడతాడు. ఊరికే ఇచ్చినా వొద్దు."

"సిస్టరమ్మ వొద్దనింది, ఒకటోసారి! డాక్టరమ్మ మాట్లాడలేదు, రెండోసారి! ఆడ తలకాయ పెట్టినాయన ఆడోళ్ళు కాదు, లెక్కలేదు... మూడోసారి! పాట లేదు. సరుకు యెనక్కి!"

చివరి మాటకు ఆయాసం వచ్చి ఆగిపోయాడు. మేడమ్ ఫారం తీసి ఏడో గీత చూశారు, తర్వాత నన్ను చూశారు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం, టీ అంగడి దగ్గర."

"దిద్దలేదు."

"దిద్దలేదు మేడమ్. ట్యూబు... ఏడున్నర తీయమంటారా?"

"ఎందుకు? ఈయన గొంతు పోయినా ఫరవాలేదా?" అన్నారు. తర్వాత ఆయన మొహానికి మాస్కు ఆనిస్తూ, "అన్ని జాగ్రత్తలూ అట్లాగే ఉంచు. నేనైతే ఆరేళ్ళు నేర్చుకుని కూడా గది దాటి వినిపించలేకపోయాను," అన్నారు. ఆయన కళ్ళు అప్పటికి మూతపడుతున్నాయి.

తర్వాత థియేటర్లో నవ్వులు లేవు. గాలిగొట్టం పక్కకు జరిగి ఉండటం వల్ల మేడమ్ ట్యూబును కెమెరాతో చూస్తూ వేశారు. కడ్డీ పెట్టిన ఏడో నంబరు ట్యూబు కుడివైపు నుంచి అందించాను. లోపలికి వెళ్ళాక కడ్డీ తీసేశాం. కత్తిరించలేని ట్యూబు కాబట్టి లోతు ఎక్కువైతే ఒక ఊపిరితిత్తికే గాలి పోతుంది. రెండు వైపులా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, పెదవి దగ్గర అంకె చదివి, రాసుకుని, ప్లాస్టరు వేశాం. పళ్ళ మధ్య గుడ్డచుట్ట. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచాం. సర్జన్ గడ్డను ఎత్తి పట్టుకున్నప్పుడల్లా నేను మిషను మీద గాలి ఒత్తిడి అంకె చూశాను. కదల్లేదు.

రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. గడ్డ బయటికి వచ్చాక సర్జన్ చెప్పిన మాట ఇది: నరం గడ్డకు అతుక్కుని ఉంది, విడదీశాను, తెగలేదు, కానీ సాగింది.

మెలకువ వస్తున్నప్పుడు ఆయన దవడ బిగించాడు. గుడ్డచుట్ట మీద పళ్ళు దిగాయి, ట్యూబుకు ఏమీ కాలేదు. కళ్ళు తెరిచి, చెప్పినట్టు చెయ్యి గట్టిగా పట్టుకున్నాక మేడమ్ ట్యూబు తీశారు. ఆయన చూపు ఎవరినో వెతుకుతోంది. నేను ట్యూబును కడిగి, కళ్ళ ముందు పెట్టి, ఈ కొననుంచి ఆ కొన దాకా నెమ్మదిగా తిప్పి చూపించాను. ఆయన వేలితో దాని వెంట గాలిలో గీత గీసుకుంటూ వచ్చాడు. కొన దగ్గర వేలు ఆగింది.

"అంతా... వొచ్చేసిందా?"

పెదవులు కదిలాయి. మాట గాలిలా వచ్చింది. పొద్దున గోడలకు కొట్టుకున్న గొంతు నా చేతిదాకా కూడా సరిగ్గా రాలేదు. ముప్పై మూడో గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టడం నాకు నచ్చలేదు.

గొంతు ఇలా బొంగురుపోవడానికి ఉండే కారణాలు ఆ మధ్యాహ్నం ఒక కాగితం మీద రాసుకున్నాను. ఐదు వచ్చాయి. సాగిన నరం ఒకటి. మిగతా నాలుగు ట్యూబువే: సైజు, గాలిబుడగ ఒత్తిడి, వేసేటప్పటి రాపిడి, తీసేటప్పటి రాపిడి. మేడమ్ ఆ కాగితం చూసి, "నాలుగు నీ మీద వేసుకున్నావు, ఒక్కటి సర్జన్‌కి వదిలావు. ఉదారుడివి," అన్నారు. తర్వాత మామూలుగా చెప్పారు. ట్యూబు వల్లైతే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. నరం వల్లైతే వారాలు పడుతుంది. ఎన్ని వారాలో ఎవరూ చెప్పలేరు.

మూడు రోజులైనా సర్దుకోలేదు. ఇంటికి పంపే రోజు మేడమ్ ఆయన్ని ఒక్క ఊపిరితో 'ఆ' అని పట్టమన్నారు. నేను ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను. ఆరు. పదిహేను దాటితే గొంతు పనిలోకి వచ్చినట్టని మేడమ్ చెప్పారు.

మంచం మీద అప్పుడు ఒకే దిండు ఉంది. మిగతా రెండూ ఆమె మడత మంచం మీదికి మారాయి. మూడు రాత్రులుగా ఆయన వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు.

"ఇప్పుడు ఇంట్లో నేను సెప్పిందే సెల్లుతాది," అంది ఆమె క్యారియరు సర్దుకుంటూ. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వకపోయేసరికి గిన్నెలు మళ్ళీ మొదటినుంచి సర్దింది.

ఆయన నన్ను వంగమని సైగ చేశాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "ఓనరుకు సెప్పొద్దు," అన్నాడు. వాళ్ళ ఓనరు ఎవరో కూడా నాకు తెలియదు.

తర్వాతి వారాల్లో నేను రెండుసార్లు ఫోన్ చేశాను. కుట్టు ఎలా ఉందని, థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. రెండుసార్లూ ఆమే ఎత్తింది.

"కుట్టు బాగుండాది, మాత్రలు యేసుకుంటా ఉండాడు. నువ్వు అడగాల్సింది అడుగు నాయనా."

"గొంతు?"

"పొద్దున కొంచిం ఉంటాది. సాయంత్రానికి ఉత్త గాలి. దొడ్లో పోయి ఒక్కడే గొణుక్కుంటా ఉంటాడు, ఒకటోసారి, రెండోసారి అని. ఎనుములు భయపడతా ఉండాయి."

రెండోసారి ఫోన్ చేసినప్పుడు, మండీలో బేనీషా మొదటి లోడు వచ్చే సోమవారం దిగుతుందని, ఓనరు మనిషిని పంపి అడిగించాడని చెప్పింది. ఏం చెప్పి పంపారని అడిగాను. మేడమ్ చూసినాక చెబుతామని అన్నారట.

అలా వాళ్ళు వచ్చింది ఆ సోమవారానికి ముందు శుక్రవారం. ఆ రోజు ఓపీలో జనం చాలా ఉన్నారు. కొండ దిగి నేరుగా వచ్చిన గుండ్లవాళ్ళు, పిల్లలు, చేతుల్లో చీటీలు. టోకెన్లు పిలిచే మనిషికి జలుబు చేసి, మైకు పాడై, ఆయన పిలిచిన నంబరు మొదటి వరుస దాటడం లేదు. నేను మెట్లు దిగుతున్నాను. సగం మెట్లలో ఉండగా వినబడింది.

"పద్నాలుగు! పద్నాలుగో నంబరు యాడుండాది? ఒకటోసారి!"

ఒక అంచున ఇంకా గరగర ఉంది. కానీ వరండా చివరి కుర్చీలో కునుకుతున్న ముసలామె ఉలిక్కిపడి తన చీటీ చూసుకుంది.

"రెండోసారి! అమ్మా, నీదేనా? అంత తీరిగ్గా వొస్తే డాక్టరమ్మ వేరేవాళ్ళకు పాట కొట్టేస్తాది!"

"ఊరుకోయ్యా," అని భార్య ఆయన చొక్కా లాగుతోంది. ఆపాలని మాత్రం లాగడం లేదు.

మేడమ్ గదిలోంచి బయటికి వచ్చారు. "ఏమయ్యా విద్వాంసుడా, ఇది నా ఓపీనా, నీ మండీనా?" అన్నారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెడ మీద కుట్టు సన్నటి గీతలా ఉంది.

"సోమారం పాటుందమ్మా. పోవచ్చునా, వొద్దునా, అది సెప్పండి."

"నేను చెప్పేది కాదు. ఒక్క ఊపిరి. పట్టు."

నేను ఫోను తీశాను. ఆయన భార్య నా మోచేతి పక్కనుంచి తెర మీదికి వంగింది. ఆయన గాలి పీల్చి, కళ్ళు మూసుకుని 'ఆ' అన్నాడు. వరండాలో వాళ్ళు మాట్లాడటం ఆపి చూశారు. గొంతు ఒకచోట వణికింది, నిలబడింది, మళ్ళీ వణికింది. నేను తెర మీద అంకె తప్ప ఇంకేమీ చూడలేదు. ఆగిపోయాక మేడమ్ ఎంత అని అడిగారు. చెప్పి, ఫారంలో రాశాను.

పదిహేడు సెకన్లు.